నలభై ఒకటో ఎముక

పెన్సిలు కాగితం మీద కదిలే చప్పుడు.

ఎండుటాకుల మీద ఎవరో మెల్లగా, ఎవరినీ లేపకుండా నడిచి వెళ్తున్నట్టు...

పదేళ్లు ఆ చప్పుడు పక్క గదిలోంచి వినిపించేది. ఈ గదిలో నేను పరీక్ష పేపర్లు దిద్దుకునేదాన్ని. ఆ గదిలో చెల్లి బొమ్మలు గీసుకునేది. మధ్య తలుపు ఎప్పుడూ ఓరగా వేసి ఉండేది.

ఇప్పుడు తలుపు బార్లా తీసి ఉంది.

చప్పుడు లేదు.

చెల్లి ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసేది. పగలంతా మనుషుల ఎముకలు. సాయంత్రం ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని, మళ్లీ ఎముకలు — ఒకప్పుడు సముద్రాల్లో ఈదిన పెద్ద పెద్ద సరీసృపాలవి. ఆరున్నర కోట్ల ఏళ్ల కిందటే అంతరించిపోయినవి. వాటిని కళ్లతో చూసిన మనిషి లేడు.

చూసినవాళ్లు లేరు కాబట్టే తప్పు గీయకూడదు, అనేది.

"ఒకప్పుడు ఇదంతా సముద్రమే అక్కా. ఆ ఫ్యాను ఉందే... సరిగ్గా ఆ ఎత్తులో ఈదేవి."

"అయితే ఫ్యాను వెయ్యకు. రెక్కలు తెగుతాయి పాపం."

"రెక్కలు కావు. తెడ్లు."

నా వేళాకోళాన్ని కూడా దిద్దేది.

నీళ్లు... ఎప్పుడూ నీళ్ల మాటే. వంటింట్లో కూరగాయలు తరుగుతూ తల పైకెత్తి చూసేది. కప్పు దాకా నీళ్లు నిండి ఉన్నట్టు.

తనలాంటివాళ్లు ఊళ్లో ఏడుగురు. ఆదివారం మధ్యాహ్నాలు పళ్ల డాక్టరుగారి క్లినిక్‌లో కలిసేవారు. రోగులు కూర్చునే బెంచీల మీద బొమ్మలు పరిచేవారు. కోరల సంగతి డాక్టరుగారు చూసేవారు. తోకల సంగతి చేపల దుకాణం ఆవిడ చూసేది. చేత్తో పట్టి వంచి చూడనిదే ఏ తోకనూ నమ్మని మనిషి. ఎముకలు చెల్లివి.

వాళ్లకొక పద్ధతి ఉంది.

బొమ్మ మీద ఎవరూ చెయ్యి పెట్టరు. పైన పల్చని ట్రేసింగ్ కాగితం పరుస్తారు. తప్పున్న చోట ఎర్ర పెన్సిలుతో గుర్తు పెడతారు. గీసినవాళ్లు ఆ గుర్తుకు జవాబివ్వాలి — నోటితో చెబితే చెల్లదు, అదే కాగితం మీద గీసి చూపించాలి. జవాబు లేని బొమ్మ క్లినిక్ గోడ ఎక్కదు.

బాగుంది అనే మాట అక్కడ ఎవరూ అనరు.

"బాగుంది అన్నారంటే చూడలేదని అర్థం," అనేది చెల్లి.

ఆ జంతువుల్లో ఒకదానికి మెడ చాలా పొడుగు. ఒంటికన్నా పొడుగు. మెడలోనే డెబ్బై రెండు ఎముకలు. పాత పుస్తకాల్లో దాన్ని నీళ్లపైకి మెడ నిటారుగా ఎత్తి, నాలుగు దిక్కులూ చూస్తున్నట్టు వేసేవారు. అది తప్పు. అంత బరువు నీళ్లలోంచి ఎత్తే శక్తి దానికి లేదు. ముందుకు చాపి ఈదుతుంది. అంతే. ఎవరైనా మెడ ఎత్తి గీస్తే చెల్లి ఎర్రగా ఒకే మాట రాసేది.

కొంగ.

ఆ మాట అందరి నోళ్లలోనూ పడింది. "ఈ వారం కొంగ ఎవరింట్లో వాలిందీ?" అని చేపలావిడ గుమ్మంలోంచే కేకేసేదట.

చెల్లి పోయాక, యాభయ్యో రోజున డాక్టరుగారు ఇంటికొచ్చారు. పిల్లల గ్రంథాలయంలో వాళ్లకొక గోడ ఇచ్చారట. మధ్యలో చెల్లి ఆఖరి బొమ్మ పెడతారట. కింద తన పేరు.

ఇచ్చాను. బొమ్మ చుట్ట విప్పకుండానే ఇచ్చాను.

వాళ్లు కనిపెడతారని తెలుసు. కనిపెట్టాలనే ఇచ్చానేమో.

వారానికి బొమ్మ తిరిగొచ్చింది. పైన ట్రేసింగ్ కాగితం. మెడ దగ్గర, ఎర్రగా, డాక్టరుగారి రాతలో —

కొంగ?

ప్రశ్నార్థకం... పదేళ్లలో వాళ్లు ఎవరికీ ప్రశ్నార్థకం పెట్టలేదు.

వెంట ఒక చీటీ. 'ఆవిడకు తెలియని తప్పు కాదు ఇది. ఏదో కారణం ఉండే ఉంటుంది. మీతో ఏమైనా అన్నారా? కారణం తెలియకపోతే బొమ్మ పక్కన పెట్టాల్సి వస్తుంది. అన్యథా భావించకండి.'

కారణం ఉంది.

కారణం నేను.

జబ్బు ముదిరాక, కిటికీ పక్కన చెల్లి మంచం. మంచం మీద పలక. పలక మీద కాగితం. ఒళ్లు, తోక, నాలుగు తెడ్లు — వాటికే తనకు మూడు వారాలు పట్టింది. తర్వాత చెయ్యి మాట వినడం మానేసింది. మెడ మిగిలింది.

"నువ్వు గియ్యి అక్కా. నేను చెప్తా."

"నాకేం వచ్చే? నేను ఆవును గీస్తే కుర్చీలా ఉంటుంది."

"ఒక్కో ఎముకే కదా. లెక్క నీకొచ్చుగా."

ఒక్కో ఎముకా గోరంత. ఇంకాస్త చిన్నది, ఇంకాస్త... అని చెబుతూ చెబుతూ నిద్రలోకి జారిపోయింది. మందుల నిద్ర. నేను ఆపలేదు. ముప్పై ఎనిమిది. ముప్పై తొమ్మిది. నలభై.

నలభై ఒకటో ఎముక దగ్గర కాగితం అయిపోయింది.

పెద్ద షీటు తెమ్మంది తను. నేను బడిలో ఉన్నది తెచ్చాను.

చిన్న తరగతుల పిల్లలు వాక్యం రాస్తూ రాస్తూ కాగితం అంచుకొస్తారు. ఇంకా మాట మిగిలి ఉంటుంది. చోటుండదు. అప్పుడు అక్షరాలను అంచు వెంట పైకి ఎక్కిస్తారు, చీమల బారులా. ఇరవై రెండేళ్లుగా వాళ్లను కోప్పడుతున్నాను. ముందే చూసుకోవద్దూ? కింది గీతలోకి దిగకూడదూ?

నేనూ అంచు వెంట పైకే ఎక్కించాను.

తనను లేపి, చోటు అయిపోయింది అని చెప్పలేక.

ఆ మాట ఆ గదిలో అనలేక.

తను లేచింది. కాగితం కళ్ల ముందు పెట్టాను. చాలాసేపు చూసింది. కిటికీలోంచి ఎండ మెడ మీదుగా పాకి, తల దాకా వచ్చింది. అంతసేపు చూసింది.

"బాగుందక్కా," అంది.

అక్కడికి పదకొండో రోజున పోయింది.

చూడలేదా? చూసి ఊరుకుందా?

చూసి... నా మీద జాలి పడిందా?

నిజం చెబితే ఆ మెడ పోతుంది — తన నోట బాగుంది అనిపించుకున్న ఒకే ఒక్క మెడ. చెప్పకపోతే కొంగ తన పేరున మిగులుతుంది. తప్పు గీయకూడదు అన్న మనిషి పేరున.

రెండు ఆదివారాలు ఇంట్లోనే కూర్చున్నాను. మూడో ఆదివారం చుట్ట చంకలో పెట్టుకుని వెళ్లాను.

"రండి టీచరమ్మా, ఇట్లా కూచోండి. నా పక్కన వద్దులెండి, చేపల వాసన," అంది చేపలావిడ. అంటూనే బెంచీ మీద జరిగి చోటిచ్చింది. ఆవిడ పక్కనే కూర్చున్నాను.

బల్ల మీద బొమ్మ పరిచాను. పైన ట్రేసింగ్ కాగితం పరిచాను. నాలుగు మూలలూ సరిచేశాను. ఇక సరిచేయడానికి ఏమీ మిగల్లేదు.

"ఈ మెడ తను గీయలేదు. నేను గీశాను. కాగితం చాలక."

పళ్ల కుర్చీ పక్కన తొట్టిలో నీళ్లు సన్నగా తిరుగుతున్నాయి.

"హమ్మయ్య!" అంది చేపలావిడ. వెంటనే నాలుక్కరుచుకుంది. "అంటే... నేననేది... మా పిల్లకి తెలీకపోవడమేంటని మూడు వారాల్నుంచి ఒకటే గింజుకుంటున్నానమ్మా."

డాక్టరుగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"తనకు చూపించారా?"

"చూపించాను."

"ఏమంది?"

తరగతిలో ఏ పిల్లనూ ఇలా నిలబెట్టి అడగకూడదని నాకు తెలుసు. ఆయనకూ తెలిసినట్టుంది. అడిగాక తల తిప్పుకున్నారు.

"బాగుంది అంది."

ఆ మాటకు తను చెప్పే అర్థం అక్కడ అందరికీ తెలుసు.

ఒక పెన్సిలు బల్ల మీద దొర్లుకుంటూ నా ముందుకొచ్చి ఆగింది.

"గీసినవాళ్లే జవాబివ్వాలి టీచరుగారూ. మా పద్ధతి మీకు తెలుసు," అన్నారు డాక్టరుగారు.

"నేను మీలో మనిషిని కానండి."

"మెడ మీరు గీసిందే కదా," అన్నారాయన.

భుజం దగ్గర మొదలుపెట్టాను. ఒకటి. రెండు. పల్చని కాగితం కింద ఆ పాత మెడ మసగ్గా పైకి పోతోంది. దాన్ని వదిలి, దాని పక్కనుంచి, ముందుకు. కాస్త కిందికి. ఇంకాస్త చిన్నది... ఇంకాస్త... చెప్పేవాళ్లు లేరు. చేతికి మాత్రం గుర్తుంది. ముప్పై. నలభై.

నలభై ఒకటి.

పెన్సిలు ఆగిపోయింది.

"చోటు అయిపోయింది," అన్నాను.

అనేశాను.

"బల్ల ఉందిగా తల్లీ," అంది చేపలావిడ.

డాక్టరుగారు లేచి, ఆ చివరనున్న పనిముట్ల పళ్లెం తీసి కిటికీలో పెట్టారు. ఒకరు బెంచీ వెనక్కి లాగారు. ఒకరు చేతిలోని టీ గ్లాసు నేల మీద పెట్టారు. బల్ల పొడుగునా ఖాళీ... ఎవరో నీళ్లు వదిలినట్టు.

పెన్సిలు అంచు దాటింది.

కాగితం మీద ఒక చప్పుడు. చెక్క మీద ఇంకో చప్పుడు. గరుగ్గా, లోతుగా — తడి ఇసుక మీద ఎవరో బరువుగా, వెనక్కి చూడకుండా నడుస్తున్నట్టు...

నలభై రెండు.

నలభై మూడు.

తల ఎక్కడ వస్తుందో నాకు ఇంకా తెలియదు.