ఆరో పూస

దమయంతి బోర్డు మీద ఏ, టీ, జీ, సీ అని నాలుగు అక్షరాలు రాసి పిల్లల వైపు తిరిగేసరికి, కిటికీ పక్క బల్ల మీద చచ్చిపోయిన అప్ప కూర్చుని ఉంది. అప్ప అంటే అక్క చిలకమ్మ. పెళ్ళి కాకుండానే, ఇరవై దాటగానే, ఒక వానాకాలంలో పోయిన మనిషి. ఇప్పుడు ఆకుపచ్చ లంగా మీద పసుపు ఓణీ వేసుకుని, కాళ్ళు రెండూ బల్ల మీదికి ముడుచుకుని, తన మోకాళ్ళు తనే నొక్కుకుంటూ పాఠం వింటోంది. ఆమె చచ్చిపోయిందని దమయంతికి తెలుసు. తెలిసినా, క్లాసు మధ్యలో ఆ మాట ఎత్తడం మర్యాద కాదనిపిస్తోంది, పైగా హాజరు కూడా వేసేసింది, పేరు పిలిచినప్పుడు అప్ప "ఒచ్చేను" అని పలికినట్టే గుర్తు.

గది దమయంతి జువాలజీ చెప్పే కాలేజీ ల్యాబే, కానీ గోడలు ఎక్కడ మొదలవుతున్నాయో తెలియడం లేదు, బీరువాలోని గాజుసీసాల వెనక నుంచి కొండల మీది మంచు లోపలికి పాకుతోంది, ఆ మంచులో ముందు బల్లల పిల్లలు, వెనక బల్లల పిల్లలు ఒక్కొక్కరే పలచబడిపోయి చివరికి అక్కాచెల్లెళ్ళిద్దరే మిగులుతున్నారు.

"ఏటే, ఆపీసేవు? సెప్పు మరి," అంటోంది చిలకమ్మ. "ఆలకి సెప్పినట్టే నాకూ సెప్పు."

దమయంతి గాజుగొట్టం చేతిలోకి తీసుకుంటుంది. అరటిపండు గుజ్జులో ఉప్పు, సబ్బునీళ్ళు కలిపి, గుడ్డలో వడగట్టి, మీద చల్లటి స్పిరిట్ పోస్తే తెల్లటి డీఎన్‌ఏ పోగులు పైకి తేలతాయి, ఏటా పిల్లలకు చూపించేదే, వాళ్ళు ఏటా నోరు తెరుచుకుని చూసేదే. ఈసారి గొట్టంలో ఉన్నది అరటిపండు కాదు. ఎర్రగా ఉంది. అయినా పోగు మాత్రం పాలలా తెల్లగా లేస్తోంది.

"ఇదెవలదే?"

"నీదే అప్పా."

చిలకమ్మ వేలు ముంచి ఆ పోగును పైకి లాగుతుంది, లాగినకొద్దీ వస్తూనే ఉంది, బల్ల మీద కుప్పపడుతోంది, నేల మీదికి జారుతోంది, గుమ్మం దాటి మంచులోకి పోతోంది. "ఇంత పొడుగు నాలో ఎలగ పట్టీసిందే?" అని ఆమె నవ్వుతుంటే, ఆ నవ్వు చివర ఆయాసం వినబడుతుంది.

"నువ్వెలగుండాలో అందులో రాసుంటాది. ఉన్నవి నాలుగే అచ్చరాలు. మూడేసి కలిస్తే ఒక మాట. ఒక్కో మాటకీ ఒక్కో పూస. పూసలన్నీ వరసలో గుచ్చితే దండ. ఆ దండే నీ నెత్తురూ, నీ కండా, నీ జుట్టూ."

"నాకు సదువు రాదు గదే."

"నువ్వు సదవక్కర్లేదప్పా. ఒళ్ళే సదువుకుంటాది."

ఆ మాటకు చిలకమ్మ తన ఒంటిని కొత్తగా చూసుకుంటుంది, మోచేతులూ, వాచిన వేళ్ళ కణుపులూ, తన దగ్గరే ఇన్నాళ్ళూ చదువుకున్న మనిషి ఒకరుండి తనకు చెప్పలేదన్నట్టు. తర్వాత అడుగుతుంది, "మరి నాదాన్లో తప్పెక్కడుందో సూపించు."

ఇద్దరూ పోగును వేళ్ళ మధ్య జారుస్తూ నడుస్తారు. ల్యాబు మెట్లు దిగితే వరండా రావాలి, కానీ వాళ్ళ ఊరి వాలు వస్తుంది, ఎర్రమట్టి, వలిసె పూలు, అవతల కోతకొచ్చిన చోడిచేను, రాగిపైరు. దమయంతి అక్షరాలను వేలి కొసతో తడుముతూ పోతోంది, చీకట్లో పూలదండలో వాడిన పువ్వును తడిమి పట్టుకున్నట్టు, ఒకచోట ఆమె వేలు ఆగుతుంది. "ఇదిగో. ఆరో పూస. ఇక్కడ జీ, ఏ, జీ అని ఉండాల. నీదాన్లో జీ, టీ, జీ అని పడింది."

"ఒక్క అచ్చరమా?"

"ఒక్కటే."

చిలకమ్మ నిలబడిపోతుంది. "ఒక్క అచ్చరానికా నన్ను కొండ దిగనివ్వలేదు, కొండ ఎక్కనివ్వలేదు? రాత్రిళ్ళు ఎముకల్లో మేకులు దిగ్గొట్టినట్టుండీది. కడివెడు నీళ్ళు మొయ్యలేకపోతే అమ్మ బద్దకం అనీది. ఒక్క అచ్చరానికా?"

చేనులోనే ఒక బల్ల ఉంది, దాని మీద మైక్రోస్కోపు ఉంది, దమయంతికి అందులో వింతేమీ కనిపించదు. అప్పను వంగి చూడమంటుంది. గుండ్రంగా, ఎర్రగా, ఒకదాన్నొకటి తోసుకుంటూ పోతున్న నెత్తుటి కణాలు, ఊపిరి అందనిచోట ఒక్కొక్కటీ వంగి, కొస తేలి, కొడవళ్ళయిపోయి, సన్నటి దారుల్లో ఒకదానికొకటి చిక్కుకుని ఆగిపోతున్నాయి. "అయి ఇరుక్కున్నచోటల్లా నొప్పే," అంటుంది దమయంతి. చిలకమ్మ తల ఎత్తేసరికి చేనులో ఊరి ఆడవాళ్ళు వరసగా వంగి చోడివెన్నులు కోస్తున్నారు, ఎవరి మొహమూ కనిపించదు, కొడవళ్ళ చప్పుడు మాత్రం కర్ కర్ మంటోంది.

"మరి అమ్మకీ అయ్యకీ ఏటీ అవలేదేటే?"

"ఆలకి చెరో మంచి దండ కూడా ఉంది. చెడ్డది ఒక్కటే ఉంటే పైకి తెలవదు. అమ్మ ఒకటిచ్చింది, అయ్య ఒకటిచ్చేడు. నీకు రెండూ చెడ్డవే పడ్డాయి. నాకు ఒకటే పడింది, పరీక్ష చేయించుకున్నాను."

"అలాటి చెడ్డది మన కొండల్లో ఎందుకు మిగిలిపోయిందే? ఎప్పుడో పోవాలి గదా?"

పిల్లలెవరూ ఇంతవరకూ ఇంత సూటిగా అడగని ప్రశ్న అది, దమయంతికి పాఠం చెప్పేటప్పటి ఉత్సాహం ఒక్కసారిగా ముంచుకొస్తుంది. "ఒకటే ఉన్నోళ్ళని చలిజ్వరం అంత సులువుగా సంపలేదప్పా. దోమలున్న కొండల్లో ఆలే ఎక్కువ బతికేరు. బతికి పిల్లల్ని కన్నారు. అందుకే మిగిలింది. ఒకర్ని కాపాడిందే ఇంకొకర్ని..." అని ఆగుతుంది.

"తినేసింది," అని చిలకమ్మే పూర్తి చేస్తుంది, కోపం లేకుండా.

కాసేపు ఇద్దరూ గట్టు మీద కూర్చుంటారు. పోగు ఇద్దరి ఒళ్ళోనూ ఉంది, ఏది ఎవరిదో తెలియడం లేదు. చిలకమ్మ గొంతు చిన్నపిల్లదాని గొంతులా అయిపోతోంది. "ఆ అచ్చరం నాలోకి ఎప్పుడు దూరిందే?"

"దూరడమేటప్పా? నువ్వు అమ్మ కడుపులో పడ్డప్పుడే ఉంది. మొదటి కణంలోనే."

"నాను పుట్టకముందేనా?"

"పుట్టకముందే."

"సన్యాసమ్మత్త నాకు అంబలి పోసింది గదా, ఆ పొద్దుకి ముందేనా?"

దమయంతి నవ్వుతుంది. "అంబలి పోసినప్పటికి నీకు ఇరవయ్యేళ్ళు గదే. అంబలికీ దీనికీ ఏటి సంబంధం..."

మాట అక్కడ తెగిపోతుంది. చేనులో కొడవళ్ళన్నీ ఒక్కసారే ఆగిపోతాయి. వంగి ఉన్న ఆడవాళ్ళెవరూ లేవరు, కానీ అందరూ వింటున్నారని దమయంతికి తెలుస్తోంది, ఆమె తను అన్న మాటను తనే మళ్ళీ వింటోంది. అంబలికీ దీనికీ ఏటి సంబంధం.

సన్యాసమ్మ ఈ అక్కాచెల్లెళ్ళ అయ్యకు వరసకు చెల్లెలు. చిలకమ్మకు కాళ్ళ నొప్పులు వచ్చినప్పుడల్లా ఇప్పనూనె వెచ్చజేసి రాసింది ఆమే. ఒక పొద్దున ఆమె పోసిన అంబలి తాగి ఇంటికొచ్చిన చిలకమ్మ ఆ సాయంత్రమే ఒళ్ళు విరుచుకుని పడిపోయి, మర్నాటికి మాట పడిపోయి, ఆ మర్నాడు పోయింది. ఊరికి వచ్చిన భూతవైద్యుడు పసుపు ముగ్గులో బియ్యం చల్లి, చిల్లంగి చేతబడి పెట్టింది అంబలి పోసినామే అని చెప్పాడు. ఊరు ఆమె ఇంటి మీద పడింది. ముందు పళ్ళు రాలగొట్టారు. తర్వాత ఊటనీళ్ళకు రావద్దన్నారు. ఆమె గుడిసె ఇప్పుడు ఊరి చివర, గెడ్డవాగు అవతల ఉంది.

ఇదంతా దమయంతికి తెలుసు. నెత్తుటి కణం ఎందుకు వంగుతుందో కూడా విశాఖలో ఎమ్మెస్సీ చదివేటప్పటి నుంచీ తెలుసు. ఎన్ని బ్యాచ్‌ల పిల్లలకు బోర్డు మీద గళ్ళు గీసి ఆ సికిల్ సెల్ జబ్బు ఎలా దిగివస్తుందో చెప్పిందో, మా అప్ప దీనితోనే పోయింది అని కళ్ళు తుడుచుకుందో. అన్నీ తెలిసిన అదే దమయంతి, పోయినసారి ఊరికొచ్చినప్పుడు, గెడ్డ అవతల ముసలామె కనిపిస్తే కూతురి మొహం తన కొంగులో దాచేసింది. దాని మొలకు నల్లతాడు కట్టి మరీ తీసుకొచ్చింది. రెండు తెలివిడులూ ఒక్క బుర్రలోనే ఇన్నేళ్ళూ పక్కపక్కనే కాపురం ఉన్నాయి, ఒకదాని మొహం ఒకటి చూసుకోకుండా.

"మరైతే," అంటోంది చిలకమ్మ, తెలుసుకోవాలని అడుగుతున్నదే తప్ప నిలదీయడం లేదు, "అత్తేటి సేసినట్టే?"

దమయంతి వెనక్కి తిరుగుతుంది. బోర్డు మీద రాద్దామంటే సుద్దముక్క లేదు, బోర్డూ లేదు.

"నానేటి సేసినట్టే అనీసి అడుగుతాది గదా ఆవిడ. ఏటి సెప్తారు మీరు?"

"ఎవులూ... ఎవులూ మాటాడరప్పా ఆవిడతో."

"నువ్వూనా?"

మంచు మళ్ళీ దిగుతోంది. చిలకమ్మ లేచి లంగా దులుపుకుంటుంది. "నాకు కాళ్ళు లాగేస్తన్నాయి. అత్తయితే కాసేపు పడతాది. ఎల్తన్నాను," అని గెడ్డ వైపు దిగుతుంది, బతికుండగా ఎన్నడూ నడవనంత తేలిగ్గా. దమయంతి వెనకే పరుగెత్తబోతుంది, కాలు కదలదు, చేతిలో పోగు బిగుసుకుంటోంది, అది అప్పది కాదు, తన గుండెల్లోంచే వస్తోంది, లాగితే తెగుతుందేమో, వదిలితే అప్ప వెళ్ళిపోతుందేమో, "అప్పా, ఆగే, నానూ..." అని అరవబోయి, గొంతు పెగిలినచోటే మెలకువ వచ్చేసింది.

అమ్మ ఇంటి వసారా. ఆదివారం మధ్యాహ్నపు ఎండ చాప దాకా వచ్చి ఉంది. పిల్లల జవాబు పత్రాలు దిద్దుతూ గోడకు ఆనుకుని ఎప్పుడు కునుకు తీసిందో దమయంతికి తెలియదు. ఎర్రసిరా పెన్ను జారి ఎక్కడో పడింది, కానీ కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ ఒకదానికొకటి గట్టిగా అదిమిపెట్టి ఉన్నాయి, మధ్యలో ఏమీ లేకపోయినా. విడదీయబోతే తిమ్మిరెక్కి నొప్పి పుట్టింది.

ఎదురుగా అమ్మ రాజ్‌మా కాయలు వలుస్తోంది. దమయంతి కూతురు గింజలు ఏరుతోంది.

"అరిసేవు," అంది అమ్మ. "అప్పా అనీసి అరిసేవు. కనబడిందేటి?"

దమయంతి తల ఊపింది. అమ్మ కళ్ళు వెంటనే నిండాయి. "ఏటందే? ఏటన్నా అడిగిందా?"

"సన్యాసమ్మత్త గురించి అడిగింది."

కాయ వలుస్తున్న చెయ్యి ఆగింది. అమ్మ మనవరాలిని దగ్గరకు లాక్కుంది. "ఆ పేరెత్తకే పిల్ల ముందర."

"అమ్మా, అప్పకి ఆ రోగం పుట్టకతో ఉంది. పుట్టకముందే ఉంది. అంబలి వల్ల కాదు. ఎవులూ ఏటీ పెట్టలేదు."

"ఎవులు సెప్పేరు నీకు?"

"నానే సెప్తాను. కాలేజీలో రోజూ నానే సెప్తాను." తనే చెప్పేదాన్ని తను ఇవాళే విన్నట్టు దమయంతికి అనిపించింది.

అమ్మ నమ్మిందో లేదో తెలియలేదు. మళ్ళీ ఒక కాయ తీసుకుని వలవసాగింది. కూతురు ఎవరి వల్ల పోయిందో తెలుసనుకుని ఇన్నేళ్ళు బతికిన మనిషి, ఎవరి మీదా కోపం లేకుండా ఎలా బతకాలో ఒక్క మధ్యాహ్నంలో నేర్చుకోలేదు. దమయంతి లేచి చెప్పులు వేసుకుంటే మాత్రం, ఆపలేదు. "పిల్లని ఇక్కడుంచీసి ఎల్లు," అంది అంతే.

గెడ్డలో నీళ్ళు చీలమండల దాకా ఉన్నాయి. అవతల దారి గడ్డి పెరిగి మూసుకుపోయింది. నడుస్తున్నంతసేపూ దమయంతి చెప్పాల్సిన మాటలు కూడబలుక్కుంది, పూస దగ్గర మొదలెట్టాలా, నెత్తురు దగ్గరా, ముందు తప్పయిపోయిందనాలా అని.

గుడిసె తడిక ముందు నిలబడి "అత్తా" అని పిలిచింది. లోపల ఏదో గిన్నె కింద పడిన చప్పుడయింది. మళ్ళీ పిలిచాక ముసలామె బయటికి వచ్చింది, బాగా వంగిపోయి, నెరిసిన జుట్టు చెదిరి, ముందుపళ్ళు లేని నోరు కొంచెం తెరుచుకుని. గడప దాటుతూనే చేతులు రెండూ ముందుకు చాపి, వాటిలో ఏమీ లేదని కనబడేలా అరచేతులు విప్పి పట్టుకుంది.

"ఎవులికి బాగోలేదమ్మా?" అంది. "నాను ఇల్లు కదల్లేదు. ఎవుల్నీ ముట్టుకోలేదు."

దమయంతి కూడబలుక్కున్న మాటల్లో ఒక్కటీ పనికిరాలేదు.

"ఎవులికీ ఏటీ అవలేదత్తా. నాను, దమయంతిని. ఊరికే ఒచ్చేను."

"ఊరికేనా?"

సన్యాసమ్మ ఆమె భుజం మీదుగా గెడ్డ వైపు చూసింది, వెనక ఇంకెవరు వస్తున్నారోనని. ఎవరూ రావడం లేదు. అది ఆమె చాలాసేపు చూసింది. అయినా చేతులు దించలేదు.