ఉడుకు పాలు

మార్తమ్మది ఉడుంపట్టు. నర్సింహులపేటలో ఆమె ఒక మాట అన్నదంటే, ప్రభువే దిగివచ్చినా ముందు ఆమెను ఒప్పించుకోవాల్సిందే. పాపం, కోడలు స్రవంతి ఎంత?

తెలంగాణ రాస్తారోకోలో పోలీసులు కొట్టిన దెబ్బలకు కొడుకు ప్రభుదాసు మోకాలు విరిగింది. పనికి పోలేక మంచం పట్టాడు. ఇల్లు గడవాలంటే ఎవరో ఒకరు సంపాదించాలి. చంటిపిల్ల తల్లి స్రవంతి కానిస్టేబుల్ పరుగు పరీక్షకు సిద్ధమైంది.

తెల్లవారగానే పాపకు పాలిచ్చి, తొర్రూరు రోడ్డు మీద పరుగెత్తేది. తిరిగొచ్చేసరికి పాప మళ్లీ ఆకలితో ఏడుస్తుండేది. మార్తమ్మ గడపకు అడ్డం కూర్చునేది. ఉరికొచ్చి ఇచ్చేవి ఉడుకు పాలు, తాగితే పిల్లకు వాంతులు పడతాయి, పిండి పారబొయ్యమనేది. దవాఖానలో నర్సు అలాంటిదేమీ లేదని, చెమట తుడుచుకుని, నీళ్లు తాగి ఇవ్వమని చెప్పింది. ఆ నర్సు ఎందర్ని కన్నదని మార్తమ్మ అడిగింది. ప్రభుదాసు గోడవైపు తిరిగి పడుకున్నాడు.

స్రవంతికి భయం వేసింది. పిల్లకు ఏమైనా అయితే? గోడ వారన నిలబడి పాలు మట్టిలో పిండేది. లోపల పాప డబ్బా పాలు తాగేది. కొన్నాళ్లకు పాప రొమ్ము ఇస్తే మొహం తిప్పేసుకోవడం మొదలుపెట్టింది.

వరంగల్ మైదానంలో స్రవంతి పరుగు నెగ్గింది. అక్కడ మొగుళ్లపల్లి నుంచి వచ్చిన గంగి కూడా పరుగెత్తి, చెమట తుడుచుకుని, బిడ్డకు పాలిస్తోంది. భయం లేదా అని స్రవంతి అడిగితే, తన తల్లి నాట్ల మధ్యలో ఒడ్డుకు వచ్చి తనకు ఇలాగే ఇచ్చేదని గంగి చెప్పింది. స్రవంతికి అత్త గుర్తొచ్చింది. మార్తమ్మ కూడా బతుకంతా నాట్లేసిన మనిషే.

ఇంటికి రాగానే పాపను ఒళ్లోకి తీసుకుంది. పాప గుక్కపట్టి, నానమ్మ వైపు చేతులు చాచింది.

"అత్తమ్మా, ఎండల నాటేసి వచ్చి ఈయనకు పాలియ్యలేదా మీరు?"

"ఇచ్చిన. చెమట కారంగనే ఇచ్చిన. ఏం కాలే."

"మరి నాతోని ఎందుకు పారబోయించిన్రు?"

మార్తమ్మ పాపను ఎత్తుకుని పాలసీసా నోట్లో పెట్టింది.

"నా కొడుకు కాలు ఇరగ్గొట్టినోళ్ల బట్టలేసుకుంటనంటివి. పిల్ల ఏడుపు జూసి ఆగుతవనుకున్న. ఆగలే. ఇగ ఎంతన్న ఉరుకు బిడ్డా, పిల్లకు నీతోని పని లేదు."

పాప గుటకలు వేస్తుంటే, తల్లి రవిక పాలతో తడిసిపోయింది.