ఆయిల్ ముల్లు

మాస్టారు రిటైరై ఆరేళ్లయింది. ఆయన కారు అంతకన్నా ముందే రిటైరవ్వాల్సింది గానీ, ఆ సంగతి దానికెవరూ చెప్పలేదు. ఆ మధ్యాహ్నం ఆయన దాన్ని మెకానిక్ షెడ్డు ముందు ఆపి, చేతిలో అట్టపెట్టెతో దిగారు.

"ఇంజన్లో ఆయిల్ ఒత్తిడి ఎంతుందో చూపించే ముల్లు కావాలయ్యా నాకు," అన్నారు పెట్టె బల్ల మీద పెడుతూ. "దీనికి ఎర్ర దీపం ఒక్కటే ఉంది. అది వెలిగేసరికి అంతా అయిపోయి ఉంటుందట. రేపు పొద్దున్నే మా అక్కయ్యని కంటి ఆస్పత్రికి తీసుకెళ్లాలి. నాలుగు గంటల కొండదారి."

చిట్టి వాళ్ల నాన్న ఆయన మొహంలోకే చూస్తూ విన్నాడు. విని, "దీపం మార్చాలా?" అన్నాడు.

స్కూటరు తీగలు విప్పుతున్న చిట్టి గబుక్కున లేచి, నాన్నకి ఎదురుగా, వెలుతురు పడే చోటికి వచ్చి నిలబడింది. "ముల్లు, నాన్నా. ఆయిల్ ముల్లు పెట్టమంటున్నారు."

"ముల్లెందుకు, నేనుండగా?" అని నాన్న నవ్వాడు.

మాస్టారూ నవ్వారు. ఆ వీధిలో నాన్నని పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. అందరికీ ఆయన పాముచెవులాయన. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజన్ మీద ఆనించి, పిడి చెవి వెనక ఎముకకి అదిమిపెట్టి, కళ్లు మూసుకుని లోపల ఏ ముక్క అరిగిందో చెప్పేవాడు. పాతికేళ్లుగా అదే ఆయన పేరూ, అన్నం కూడా.

"అయినా పాముచెవులేంటయ్యా," అన్నారు మాస్టారు. పిల్లలకి జంతుశాస్త్రం చెప్పిన మనిషి. "పాముకి బయటికి చెవులే ఉండవు. నేల అదిరితే ఒంటికి తెలుస్తుంది, అంతే. మీకా పేరు పెట్టినవాడెవడో నా క్లాసులో కూర్చోలేదు."

నాన్న ఆలస్యంగా నవ్వాడు. ఎదుటి మనిషి నవ్వడం చూసి కలిపిన నవ్వు అది. మాస్టారికి తెలియలేదు. చిట్టికి తెలిసింది.

ఆమెకి తెలిసి ఆరు నెలలు. తను పదిహేడో నంబరు పానా అడిగితే నాన్న పదమూడోది అందించాడు. మళ్లీ అడిగితే మళ్లీ పదమూడోదే, ఈసారి విసుగ్గా. తర్వాత గమనిస్తే, తను వీపు తిప్పి మాట్లాడినప్పుడు ఆయన జవాబు చెప్పడం లేదు. ఇంట్లో అమ్మ, "మీ నాన్న ఈమధ్య నా మాట బొత్తిగా చెవిన పెట్టడం లేదే," అని సణిగితే, "పెళ్లయినప్పట్నుంచీ అదే అంటున్నావుగా," అని చిట్టి నవ్వేసేది.

అప్పట్నుంచీ షెడ్డుకొచ్చినవాళ్ల మాటల్ని ఏదో ఒక వంకన నాన్నకి ఎదురుగా నిలబడి మళ్లీ చెప్పడం ఆమెకి అలవాటైపోయింది. ఆయన బాగుందన్న ఇంజన్ దగ్గరికి తుడిచే నెపంతో వెళ్లి, తనూ ఓ చెవి వేసేది. కానీ ఆమె పని తీగలూ దీపాలూ. ఇంజన్ లోపలి చప్పుళ్లు ఆమెకి తెలిసింది తక్కువ. పైగా రోజంతా షెడ్డులోనే ఉండదు. తను లేని పూట ఆయన ఏ బండినో బాగుందని పంపేస్తే, అది ఏ మలుపులోనో ఎవరి ప్రాణం మీదికో తెస్తుంది. ఈ మాట చెబుదామని ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది. చెవులే పేరైన మనిషికి, నీ చెవులు పోయాయని ఎలా చెప్పడం?

ఆమె పెట్టె విప్పింది. అరచేతిలో పట్టేంత గుండ్రటి గడియారంలాంటి బిళ్ల, అందులో తెల్ల ముల్లు. దానితోపాటు నిమ్మకాయంత ఇనుప డబ్బా ఒకటి. దాన్ని సెండరు అంటారు. ఇంజన్లో ఆయిల్ ఎంత బలంగా తోస్తోందో కనిపెట్టి, తీగ గుండా ముల్లుకి చెప్పేది అదే. మూడు దారుల ఇత్తడి ముక్క కూడా ఉంది. పాత ఎర్ర దీపాన్ని వెలిగించే మీటని పీకెయ్యకుండా, ఆ ఇత్తడి ముక్కకి ఒక పక్క మీటనీ, ఇంకో పక్క సెండరునీ బిగించుకోవచ్చు.

ఆయిల్ ఫిల్టర్ పక్కన, చెయ్యి దూరీ దూరని సందులో ఉంది పాత మీట. దాన్ని విప్పగానే నల్లటి ఆయిల్ రెండు చుక్కలు ఆమె మణికట్టు మీదుగా మోచేతిదాకా జారాయి. కొత్త ముక్క బిగించేముందు, ఎక్కడా కారకూడదని, మర చుట్ల మీద తెల్లటి టేపు నాలుగు చుట్లు ఎక్కువే చుట్టింది. సెండరు బరువుకి ఇత్తడి ముక్క అదిరి విరగకుండా నాన్న ఒక రేకు పట్టీ కోసి పక్కనున్న బోల్టుకి ఊతంగా బిగించాడు. అలాంటి పనిలో ఆయన చెయ్యి ఇప్పటికీ తిరుగులేనిది. తీగ లోపలికి లాగి, ముల్లుని స్టీరింగు పక్కన బిగించేసరికి గంట పట్టింది.

ఇంజన్ స్టార్ట్ చేసింది. ముల్లు సున్నా మీద నుంచి కదల్లేదు.

మాస్టారి మొహం పాలిపోయింది. నాన్న స్క్రూడ్రైవర్ తీసి ఇంజన్‌కి ఆనించి, కళ్లు మూసుకుని, తల ఊపాడు. "ఇంజన్‌కేం లేదు. చచ్చింది మీ ముల్లు." తర్వాత బానెట్ కిందికి వంగి, సెండరు మొదట్లో మర అంచున ఇంత తెల్లగా కనబడుతున్నది చూసి చిట్టి వైపు తిరిగాడు. "టేపు చుట్టావు కదూ? నీళ్ల పైపనుకున్నావుటే అది? దానికి ఎర్తు మర గుండానే రావాలి, టేపు కరెంటుని ఆపేస్తుంది. గొంతుకి గుడ్డ కట్టి మాట్లాడమంటే ఏం మాట్లాడుతుంది?"

ఒక తీగ ముక్క తీసుకుని ఒక కొస సెండరు ఒంటికీ, రెండో కొస ఇంజన్‌కీ తాకించాడు. లోపల ముల్లు చివ్వున లేచింది.

తీగలు తన విద్య. అందులోనే నాన్న తప్పు పట్టినందుకు చిట్టికి సిగ్గేసింది. అంతకన్నా ఎక్కువగా, కడుపు నిండినంత హాయిగా కూడా అనిపించింది. నాన్న చెప్పిందే నిజమైంది. తన అనుమానాలే ఎక్కువేమో. చెవులు మునపటంత లేకపోయినా పనికి సరిపోతాయేమో.

ఇంజన్ ఆపి, టేపు మొత్తం గోకి తీసి, మరలు గుడ్డతో తుడిచి, మధ్య చుట్ల మీద మాత్రం చుక్క జిగురు రాసి మళ్లీ బిగించింది. ఈసారి ముల్లు యాభై దాటి నిలబడింది.

"చూశారా?" అన్నాడు నాన్న.

"చూశాను, చూశాను. మీరుండగా ఇదెందుకో నాకే తెలియడంలేదు," అంటూ మాస్టారు తలుపు మీద చెయ్యి వేశారు.

"ఒక్క పావుగంట మాస్టారూ," అంది చిట్టి. "చల్లటి ఆయిల్ చిక్కగా ఉంటుంది. అప్పుడు ఏ ఇంజనైనా బాగానే చూపిస్తుంది. వేడెక్కనివ్వండి."

ఆయన స్టూలు మీద కూర్చుని అక్కయ్య కంటిపొర గురించి చెప్పసాగారు. ఇంజన్ తిరుగుతూనే ఉంది. చిట్టి డ్రైవర్ సీట్లో కూర్చుని ముల్లునే చూస్తోంది. యాభై నుంచి నలభై. అది సహజమే. ముప్ఫై. అక్కడ ఆగాలి. ఆగలేదు. ఇరవై, పదిహేను. ఎనిమిది దగ్గర ముల్లు వణుకుతూ నిలబడింది. ఎర్ర దీపం వెలగలేదు. అది వెలగాలంటే ఇంకా పడిపోవాలి. ఆమె యాక్సిలరేటర్ కాస్త నొక్కింది. ఇంజన్ అడుగునుంచి, మూసిన తలుపు అవతల ఎవరో పిడికిలితో తట్టినట్టు, మెత్తగా ఒక చప్పుడు వచ్చింది. వదిలితే తగ్గింది. నొక్కితే మళ్లీ వచ్చింది. ఇంజన్ చప్పుళ్లు అంతగా తెలియని ఆమెకే స్పష్టంగా వినబడుతోంది.

బానెట్ సందులోంచి నాన్న కనబడుతున్నాడు. స్క్రూడ్రైవర్ చెవి వెనకే ఉంది. కళ్లు మూసుకునే ఉన్నాడు.

"గడియారంలా నడుస్తోంది!" అని అరిచాడు.

ఆమె దిగి ఆయన ముందుకి వెళ్లింది. "నాన్నా, ముల్లు పడిపోయింది."

"మళ్లీ ఎర్తు పోయుంటుంది. సరిగ్గా గోకలేదు నువ్వు."

ఆమె తీగ ముక్క ఆయన చేతికిచ్చింది. ఆయన ఒక కొస సెండరుకి, ఒక కొస ఇంజన్‌కి ఆనించి, మెడ చాచి అద్దంలోంచి ముల్లు వైపు చూశాడు. కదల్లేదు. ఇంజన్ మీద వేరేచోట శుభ్రంగా గీకి మళ్లీ ఆనించాడు. కదల్లేదు. తీగ పాడైందేమోనని ఇంకో తీగ వెతికి తెచ్చాడు. ఆ తీగనీ ఆనించాడు. ఆనించి చాలాసేపు అలాగే పట్టుకున్నాడు. ఆ చేతిని వెనక్కి లాగాలనిపించింది చిట్టికి. లాగలేదు.

"లోపల కొడుతోందా?" అని అడిగాడు, ముల్లు మీద నుంచి చూపు తిప్పకుండానే.

ఆమె తల ఊపింది. ఆయన తన వైపు చూడటంలేదని గుర్తొచ్చి, ఆయన భుజం మీద చెయ్యి వేసి, ఇంజన్ అడుగున తను విన్న తాళాన్నే వేళ్లతో మెల్లగా వేసింది. తట్, తట్, తట్. అదేమిటో ఆయనకి అర్థమైంది.

తర్వాత తనే వెళ్లి తాళంచెవి తిప్పి ఇంజన్ ఆపేశాడు.

"మాస్టారూ, రేపు మీరీ కారులో వెళ్లొద్దు. అడుగున బేరింగులు అరిగిపోయాయి. కొండ ఎక్కేలోపే బిగుసుకుపోతుంది."

మాస్టారు స్టూలు మీంచి లేచారు. "అదేంటయ్యా, ఇప్పుడేగా గడియారంలా ఉందన్నారు!"

ఆయన మొహం నీడలో ఉంది. నాన్న కళ్లు ఆ పెదవుల కోసం వెతికి దొరక్క ఆగిపోయాయి. చిట్టి అలవాటుగా ముందుకి కదిలి, ఆ మాట తను మళ్లీ చెప్పడానికి నోరు తెరిచింది. నాన్న చేత్తో ఆమెని ఆపాడు.

"కాస్త గట్టిగా చెప్పండి మాస్టారూ. నాకు వినబడటంలేదు."

మాస్టారు అదేదో వేళాకోళం అనుకుని నవ్వబోయారు. చిట్టి మొహం చూసి మానుకున్నారు. దగ్గరికి వచ్చి, క్లాసులో వెనక బెంచీకి వినబడేలా చెప్పే గొంతుతో అడిగారు. "ఎప్పట్నుంచి?"

"ఏడాది దాటింది."

ఆరు నెలలే అనుకుంది చిట్టి. ఆ మిగతా ఆరు నెలలూ ఆయన ఒక్కడే మోశాడు.

మాస్టారు కోప్పడతారేమోనని ఆమె చూసింది. ఆయన కారు తలుపు మెల్లగా మూసి, జేబు తడుముకుని, మళ్లీ తెరిచి సీట్లో ఉన్న కళ్లజోడు తీసుకున్నారు. "అక్కయ్యకి బస్సు పడదు. అయినా బస్సులోనే తీసుకెళతాను," అన్నారు అదే పెద్ద గొంతుతో. "బండి ఇక్కడే ఉండనివ్వండి. మీరే విప్పండి. ఇంకెవరి దగ్గరికీ తీసుకెళ్లను." రోడ్డు దాకా వెళ్లి, పాముల గురించి అన్నది గుర్తొచ్చిందో ఏమో, ఒకసారి వెనక్కి తిరిగి చూసి వెళ్లిపోయారు.

నాన్న స్టూలు మీద కూర్చున్నాడు. ఏడుస్తాడేమో అనుకుంది. ఏడవలేదు. వేళ్లు మడుస్తూ ఏదో గుర్తు చేసుకుంటున్నాడు.

"సుద్దముక్క తియ్యి. ఈ ఏడాదిలో నేను విని బాగుందని పంపిన బళ్లన్నీ చెబుతాను, తలుపు మీద రాయి. అన్నిటినీ వెనక్కి పిలవాలి. ప్రతిదానికీ ఇలా ముల్లు పెట్టి, వేడెక్కించి చూడాలి."

"అందరికీ ఏం చెబుతావు నాన్నా?"

ఆయనకి వినబడలేదు. ఆమె మళ్లీ అడగలేదు. సుద్దముక్క తీసింది.

"బేకరీ వ్యాను. ఫొటోలాయన కారు. నర్సు గారి చిన్న కారు. పాల డెయిరీవి రెండు, పాతవి." ఒక్కో పేరూ ఆగి ఆగి వస్తోంది. షెడ్డు తలుపు మీద తెల్లటి వరసలు కిందికి దిగుతున్నాయి. తొమ్మిదో పేరు దగ్గర ఆయన ఆగిపోయాడు. మడిచిన వేలు మడిచినట్టే ఉండిపోయింది.

"స్కూలు వ్యాను," అన్నాడు.

"ఏ స్కూలుది?" అంది చిట్టి. ఆయన వినలేదని చూసి, గుండెల నిండా గాలి పీల్చుకుని, వీధంతా వినబడేలా అరిచింది. "ఏ స్కూలుది, నాన్నా?"

ఎదురు కొట్లో దర్జీ మిషన్ ఆపి తలెత్తాడు. నాన్న ఆ దర్జీని చూశాడు, అతను తనని చూస్తున్నాడనీ చూశాడు. అయినా గొంతు తగ్గించలేదు.

"కాలవ పక్కది. పసుపు రంగుది. పద్దెనిమిది మంది పిల్లలు ఎక్కుతారు దాన్లో. అది కింద రాయకు. అన్నిటికన్నా పైన రాయి. రాసి, ఇప్పుడే ఫోన్ చెయ్యి. సాయంత్రం బండి తియ్యొద్దని చెప్పు. ఎందుకని అడిగితే, నాకు వినబడటంలేదని చెప్పు."