పద్నాలుగు చేతుల సీఎస్ఎస్

"డిలీట్ నొక్కు," అన్నాడు కంట్రాక్టరు.

పెద్దక్క నొక్కింది. ఆసుపత్రి వెబ్‌సైటు కోసం ఆరేళ్లుగా ఆమె చేత్తో రాసిన సీఎస్ఎస్ అది. ఏ బటన్ ఎక్కడుండాలో, ఏ అక్షరం ఎంతుండాలో చెప్పే రెండు వేల వరుసలు గదంతా చూస్తుండగా మాయమయ్యాయి. పక్క సీటామె మాత్రం తన తెర ఆర్పేసి తల దించుకుంది. ఆ అవమానాన్ని చూసే కళ్లలో ఒక జత తగ్గింది. ఆ పూట పెద్దక్కకు దొరికిన దయ అంతే.

రెడీమేడ్ నవ్వాడు. ఫ్రేమ్‌వర్క్ తప్ప మరొకటి ముట్టడని అతనికా పేరు. ఎవరో తయారుచేసి పెట్టిన ముక్కలు తెచ్చి అతికిస్తే గంటలో పేజీ సిద్ధం. ఇంతోటి దానికి చేత్తో చెక్కడమేమిటని అతని వాదన. ఆ గదిలో చేతిరాత వాళ్లకూ ఫ్రేమ్‌వర్క్ వాళ్లకూ పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. ఆ మంట దగ్గరే కంట్రాక్టరు చలి కాచుకునేవాడు.

వారం తిరక్కుండా ఆసుపత్రి గుమాస్తా ఫోన్ చేశాడు. పెద్దక్క రాసింది తీసేసి పెట్టిన కొత్త పేజీ పాత ఫోన్లలో తెరుచుకోవడం లేదట. తెరుచుకున్నా టోకెన్ బటన్ తెర బయటికి జారిపోతోందట. రోగులు గేటు బయట ఎండలో నిలబడుతున్నారట.

ఆ పేజీ కట్టింది రెడీమేడ్. కానీ కంట్రాక్టరు వేలు పెద్దక్క మీదికే తిరిగింది. పాత చెత్త సరిగా ఊడ్వలేదన్నాడు, రేపటి నుంచి రావద్దన్నాడు. తర్వాత రెడీమేడ్ భుజం తట్టాడు.

"నీకేం భయం లేదులే. రేపు నువ్వు పోయినా ఆ ముక్కలు ఎవడైనా అతికిస్తాడు. అందుకేగా ఆ ఫ్రేమ్‌వర్క్ తెప్పించింది."

సాయంత్రం ఆ గదిలో పనిచేసే పద్నాలుగు మందీ ఆఫీసు మెట్ల మీద కూడారు. మొదట తిట్లే. చేతిరాత వాళ్లు రెడీమేడ్‌ను తొత్తు అన్నారు. నెల పని నాలుగు రోజుల్లో అడిగితే చేత్తో ఏ మొనగాడు రాస్తాడని అతను ఎదురుతిరిగాడు. ఎవరి గొంతు వారిదే అయింది. పెద్దక్క ఆ గోలంతా విని నోరు విప్పింది.

"ఫ్రేమ్‌వర్క్‌తో నాకేం పగరా? అదీ మనలాంటోళ్లు రాసిందే. ఏ పనికి ఏది వాడాలో పనిచేసే మనం చెప్పాలి. ఆ కంట్రాక్టరు కాదు."

"బటన్ జారింది నా చేతిలోనే అక్కా," అన్నాడు రెడీమేడ్. "నిలబెట్టడం నాకు రాదు."

పెద్దక్క పక్కకు జరిగి, తన మెట్టు మీద చోటిచ్చింది.

చెరిపేసిన ఫైలు కంప్యూటరు దాచి ఉంచే పాత ప్రతుల్లో ఉంది. తిరిగి పెట్టవచ్చు. కానీ ఏ వరుస ఎవరు పెడితే వారి పేరు దాని పక్కనే పడుతుంది, వారి ఉద్యోగం పోతుంది. మొత్తం తన పేరు మీదే పెడతానన్నాడు రెడీమేడ్. పక్క సీటామె ఒప్పుకోలేదు.

"నువ్వొక్కడివే దొరకడం దేనికి? వరుసలు పంచు."

మర్నాడు ఉదయం పేజీ పాత ఫోన్లలో తెరుచుకుంది. కంట్రాక్టరు వరుసల పక్కన పేర్లు చదువుతూ పోయాడు. ఒక్కో వరుసకు ఒక్కో పేరు, పద్నాలుగూ కలగలిసి ఉన్నాయి. పెద్దక్క తన కుర్చీలోనే ఉంది. ఎవరు మొదలుపెట్టారో ఒక్క పేరు చెబితే మిగతావాళ్లను వదిలేస్తానన్నాడు. పద్నాలుగు మందీ తమ తెరల వైపు తిరిగారు. అందరినీ బయటికి ఈడ్పిస్తానంటూ కాపలావాళ్లకు ఫోన్ చేశాడు.

మెట్ల మీద బూట్ల చప్పుడు మొదలైంది.

రెడీమేడ్ తన కుర్చీని పెద్దక్క బల్ల దగ్గరికి లాక్కున్నాడు.

"బటన్ వెడల్పు ఎంత పెట్టమంటావక్కా?"

ఎవరూ లేవలేదు.