శతాధిపతి కవచం

అయినా ఈ కవచం మీది బొమ్మ సూర్యుడెలా అవుతుంది, సూర్యుడికి చెవులుంటాయా, ఇన్నేళ్ళూ గుండెల మీద కట్టుకుని తిరిగాను గాని ఒక్కసారైనా సరిగ్గా చూశానా, ఏం కనపడుతుందని చూడటానికి, మొదట వెండి రంగు, దాని మీద బంగారు రంగు, ఆపైన అబ్రహాం మాస్టారి గేటుకు వేయగా మిగిలిన ఎనామిల్, ఈస్టర్ నాటకం వచ్చినప్పుడల్లా పాతది తీయకుండానే ఇంకో పూత, పెచ్చులూడిన గోడలా ఉంది, ప్లాస్టిక్ కవచమంటే ఎవరూ నమ్మరు, పెరట్లో కుళాయి పక్కన పీటేసుకున్నాను, చేతులకు పాలిథిన్ కవర్లు, బేసిన్లో కవచం, శిరస్త్రాణం, నడికట్టు, అన్నీ కొత్తవాటిలా చేసి తాడేపల్లిగూడెం ప్రీతికి పంపాలి, నాకు కాదు, ప్రీతికి, ఆ మాట సరోజ వదినగారు మెత్తగానే చెప్పారు, మా ఏలూరు చర్చిలో నాటకం బాధ్యతంతా ఆవిడదే, ఇంత పెద్ద ఆపరేషనయింది విజయా, ఈ ఏడాదికి ముందు వరుసలో కూర్చుని చూడమ్మా, కత్తి ఎత్తలేని శతాధిపతితో ఏం చేస్తాం చెప్పు, నా చెయ్యి నిమురుతూ అన్నారు, అంతేనండి వదినగారూ అన్నాను, అంతే మరి, కుడి రొమ్ముతో పాటు చంకలో గడ్డలూ తీసేశారు, అప్పట్నించి కుడి చెయ్యి భుజం దాటి లేవనంటుంది, రోజూ గోడ మీద వేళ్ళతో పాకించమంది డాక్టరమ్మ, పాకిస్తూనే ఉన్నాను, బల్లి నయం, అది పైకప్పు దాకా పోతుంది, మా బడిలో నేను కేకేస్తే నాలుగు గదులు నిశ్శబ్దమైపోయేవి, ఆ గొంతు కోసమే కదా మగవాళ్ళుండగా నూరుమంది రోమా సైనికుల్ని నడిపే శతాధిపతి వేషం నాకిచ్చారు, నన్ను చూసి చంటిపిల్లలు తల్లుల కొంగుల్లో దూరేవారు, ఆ వేషం ఇప్పుడు ప్రీతికి, మంచి పిల్లే, గొంతే పిచ్చుక గొంతు.

పాత రంగు వదలగొడదామని తెచ్చిన థిన్నర్ కొంప ముంచేసేదే, ముందు నడికట్టు లోపలి వైపు ఒక చుక్క వేసి చూడబట్టి బతికాను, రంగుతో పాటు ప్లాస్టిక్కూ జిగురైపోయి నా వేలిముద్ర అచ్చుపడింది, ఉప్పుకాగితంతో రుద్దితే గీతలు, ఇంక వదిలేద్దామనుకుంటుంటే ఆయన వ్యాను గుర్తొచ్చింది, కొల్లేటి చెరువుల నుంచి చేపలు మోసే వ్యాను, కొన్న కొత్తలో బ్రేక్ ఆయిల్ పోస్తూ బానెట్ మీద ఒలకబోసుకున్నారు, నీలం రంగు ముడతలు పడి ఊడొచ్చేసింది, ఆ పూట అన్నం ముట్టలేదు మనిషి, నా ఆపరేషనప్పుడు మాత్రం నా ఎదుట ఒక్క కన్నీటి చుక్క రాలనివ్వలేదు, వార్డు తలుపు బయట నర్సుతో, మా ఆవిడ శతాధిపతండీ, దేనికీ భయపడదండీ అంటుంటే విన్నాను, పిచ్చి నెల్సన్, ఎంత భయపడ్డానో ఆయనకేం తెలుసు, అది సరే, రంగును ఊడదీసిన ఆ ఆయిల్ వ్యానులో ఉండేది ప్లాస్టిక్ డబ్బాలోనే కదా, ఆ డబ్బాకేమీ కాలేదే, ఏవండీ కాస్త బ్రేక్ ఆయిల్ కావాలండి, ఎందుకు విజయా, శతాధిపతికండి, పెద్దగా నవ్వి సీసాలో పోసిచ్చి, ఒంటికి తగలనివ్వకు అని చెప్పి పొద్దున్నే కైకలూరు వెళ్ళిపోయారు, నేను మళ్ళీ నడికట్టు మీదే ముందు ఒక చుక్క, కాసేపాగి వేలితో నొక్కి చూస్తే ప్లాస్టిక్ గట్టిగానే ఉంది, రంగు మాత్రం కాచిన పాల మీద మీగడలా ముడతపడింది, ఇంకేం, కవచమంతా పూసేశాను.

వస్తోంది, పాత టూత్ బ్రష్షుతో ఇలా తోస్తే చాలు ఎనామిల్ పొరలు పొరలుగా వస్తోంది, దాని కింద బంగారు రంగు, దాని కింద వెండి, ఇదిగో చెవి, ఇంకో చెవి, అయ్యో నా తల్లీ ఇది సింహం, జూలు, మీసాలు, నోరు తెరిచి గర్జిస్తున్న సింహం, మేమంతా సూర్యుడనుకుని బంగారు రంగు పూసి పెట్టాం, రుద్దు, ఇంకా రుద్దు, కోరల సందుల్లో కూడా, పక్కింటి తులసి గోడ మీదుగా తొంగి చూసి ఏంటండీ విజయక్కా ఎవర్ని తిడుతున్నారు అనేదాకా తెలియలేదు, ఆగండి, రోమా చక్రవర్తి ఆజ్ఞ అని పెరడంతా మారుమోగేలా అరుస్తున్నానట, తిట్టడం లేదే, నాటకమే అన్నాను, సబ్బునీళ్ళతో కడిగాను, మంచినీళ్ళతో మళ్ళీ కడిగాను, జిడ్డుంటే కొత్త రంగు పట్టదు, కోళ్ళు చుట్టూ మూగుతుంటే అదిలించి, కవచం ఎండలో తీగకు తగిలించి శిరస్త్రాణం పని పట్టాను.

గేటు చప్పుడు, సరోజ వదినగారు, ప్రీతి కొలతలు తెచ్చాను, సరిపోతుందో లేదో చూద్దామని వచ్చాను విజయా అంటూనే ఆగిపోయారు, అమ్మో సింహమా, ఇన్నాళ్ళూ దీని కిందుందా, అవునండి వదినగారూ, రంగు కింద దాక్కుంది, ఆవిడ తీగ కేసి చూస్తున్నారు, నెల్సన్ ఇంట్లో ఉన్నాడా, లేరండి, కైకలూరు వెళ్ళారు, మరి అంత ఎత్తున ఎవరు తగిలించారు, నేనే అన్నాను, అన్నాక చూశాను, అది పాత తీగ, చెయ్యి లేవదని ఆయన నాకోసం నడుమెత్తులో ఇంకో తీగ కట్టారు, కోళ్ళకు అందుతుందని కాబోలు అటు పోనేలేదు, ఏ చేత్తో తగిలించానూ, ఎడమ చేత్తో బ్రష్షు పట్టుకునే ఉన్నానుగా, బ్రష్షు కుడి చేతికి మార్చుకుని లేచి నిలబడి ఆ చెయ్యెత్తాను, భుజం దాకా, భుజం దాటి, చంకలో చుర్రుమంది, చుర్రుమననీ, చెవి దాటి, తల దాటి, నీళ్ళు కారుతున్న టూత్ బ్రష్షు కత్తిలా పైకి, వదినగారు కళ్ళు తుడుచుకోవడం కనపడుతోంది, ప్రీతికి ఫోన్ చేసి రావద్దని చెప్పేస్తానే అంటున్నారు, రమ్మనండి వదినగారూ అన్నాను, సైనికులు కావాలిగా, ఈ పొద్దు దాకా నన్ను దాటి పోయిందనుకున్న ఈస్టర్ ఇంకా రాలేదు, వస్తుంది, ఆ రోజు కత్తి ఎత్తేది నేనే.