దానంతటదే రెన్యువల్

బడులు తెరవడానికి ఇంకా మూడు రోజులుంది. ఆదివారం చర్చి నుంచి వచ్చి, అందరి అన్నాలూ అయ్యాక, ముందుగదిలో చాప పరుచుకుని మా అమ్మాయి షెకీనా పుస్తకాలకి అట్టలు వేస్తున్నాను. బ్రౌన్ పేపరు కొనడం నాకు ఇష్టం ఉండదు. బెల్లం మార్కెట్లో కమీషన్ కొట్టువాళ్లు పంచే క్యాలెండరు కాగితం దళసరిగా ఉంటుంది. తెల్లటి వెనకవైపు పైకొచ్చేలా తిప్పి వేస్తే ఏడాదంతా చిరగదు. పోయినేడాది జనవరి తెలుగు వాచకానికి అయిపోయింది, ఫిబ్రవరి లెక్కలకి. మార్చి కాగితం మడిచి కత్తెర పెట్టబోతూ ఆగిపోయాను. ఇరవై ఏడో తారీఖు గడిలో నా చేతిరాత. "కారు ఇన్సూరెన్స్, బుల్లిబాబు."

సుజికి జ్ఞాపకశక్తి ఎక్కువని మా ఇంట్లో నాకు పేరు. నాకంత జ్ఞాపకశక్తి ఏమీ లేదు. నాకున్నది క్యాలెండరు. గ్యాసు బుక్ చేసిన రోజు, అత్తయ్య బీపీ బిళ్లలు అయిపోయే రోజు, పిల్ల ఫీజు, కరెంటు బిల్లు, మా ఆయన ఆఫీసులో ఇవ్వాల్సిన కాగితాలు, ఆడపడుచు పెళ్లిరోజు, అన్నీ ఆ గడుల్లో చీమల్లాంటి అక్షరాలతో రాసుకుంటాను. డిసెంబరు ఆఖర్న కొత్త క్యాలెండరు రాగానే పాతది పక్కన పెట్టుకుని ఒక్కో నెలా ఎక్కించుకుంటాను. ఒక పూట పడుతుంది. ఆ పూట నన్నెవరూ చూడరు, చూసినా చదువుకుంటోంది అనుకుంటారు.

పోయిన డిసెంబరులో ఆ పని జరగలేదు, తర్వాతా ఓపిక లేక వాయిదా పడింది. ఇరవై ఎనిమిదిన వైజాగ్‌లో నాకు గర్భసంచి తీసేశారు. జనవరి ఒకటిన మా ఆయన పాత క్యాలెండరు చుట్టి అటక మీద పడేసి, కొత్తది మేకుకి తగిలించి, ఆ సాయంత్రమే ఆసుపత్రికొచ్చి నా పక్కన కూర్చుని చెప్పాడు. "నువ్వేం బెంగెట్టుకోకు సుజీ. నువ్వు లేకపోయినా ఇంట్లో ఒక్కటీ ఆగలేదు." ధైర్యం చెప్పడానికే అన్నాడు పాపం. ఆ మాటకి నేను గోడవైపు తిరిగి ఏడిచాను. కుట్లు నొప్పెడుతున్నాయేమో అనుకుని నర్సుని పిలిచాడు.

కత్తెర కింద పెట్టి, తాళం తీసుకుని బయట కారు దగ్గరకెళ్లాను. డాష్‌బోర్డులో ప్లాస్టిక్ కవరు, అందులో పాలసీ. ఆఖరి తేదీ 27-3-2007, అర్ధరాత్రి వరకు. ఇవాళ జూన్ పది. వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. డెబ్బై అయిదు రోజులుగా ఈ బండి ఇన్సూరెన్స్ లేకుండా తిరుగుతోంది. అందరం ఎక్కాం. మొన్న ఈస్టరుకి పాస్టరుగారిని కూడా ఎక్కించుకున్నాం.

ఎండలో అలాగే నిలబడిపోయాను. నాకు గుర్తొచ్చింది అప్పలకొండమ్మ. పూడిమడక నుంచి శనివారాల్లో మా వీధికి ఎండుచేపలు తెస్తుంది. మే నెలలో పిల్లకి సముద్రం చూపిద్దామని వెళ్తుంటే, పూడిమడక రోడ్డులో మలుపు దగ్గర మా కారు అద్దం ఆమె గంపకి తగిలింది. మనిషి మోకాళ్ల మీద పడింది. ఇంకో మూరెడు ఇటు జరిగి ఉంటే అద్దం కాదు, బండే తగిలేది. మా ఆయన ముందు గట్టిగా కసిరాడు, తర్వాత దిగి, మనిషి మంచివాడే, చెయ్యి పట్టుకుని లేపాడు. "భయపడకమ్మా, బండికి ఇన్సూరెన్సుంది. దెబ్బలేటైనా తగిల్తే సెప్పు, అన్నీ అదే సూసుకుంటాది" అన్నాడు. ఆమె మోకాలి మీద మట్టి దులుపుకుంటూ, "నాకేటవలేదు బాబూ, సేపలు తొక్కీకండి సాలు" అంది. నేనూ ఆమే రోడ్డు మీద కూర్చుని కింద పడ్డ నెత్తళ్ల చేపలు ఏరుకున్నాం. ఆ రోజుకి ఆ బండికి ఇన్సూరెన్సు ఏమీ లేదు. ఆమె కాలే విరిగి ఉంటే ఆమెకీ ఏమీ ఉండేది కాదు.

కోర్టులో అడిగితే బండి ఎవరిదంటారు? నాదే. ఆర్.సి.లో పేరు నాది, లోను నా జీతం మీద, వాయిదా నా ఖాతాలోంచి. నేను మాత్రం టీచరుగా పనిచేసే బుచ్చయ్యపేట బడికి బస్సులో నిలబడి వెళ్తాను, ఆయన రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆఫీసుకి కారులో వెళ్తాడు. ముందు సీటు అత్తయ్యది. నేను వెనక సంచుల మధ్య కూర్చుంటాను. మూడేళ్ల కిందట వేసవి సెలవుల్లో నేర్చుకుని లైసెన్సు తెచ్చుకున్నాను. ఆయన చర్చి అయ్యాక పెద్దలతో మాట్లాడుతూ నిలబడితే ఆ ఖాళీ స్థలంలో షెకీనాని పక్కన కూర్చోబెట్టుకుని రౌండ్లు కొడతాను. రోడ్డెక్కుతానంటే మాత్రం "లారీల మధ్య నువ్వెక్కడ నడుపుతావు, సూద్దాంలే" అంటాడు. బుచ్చయ్యపేట దారిలో లారీలకంటే చెరుకు బళ్లే ఎక్కువ.

నాలుగింటికి ఆడపడుచు ఎస్తేరుని కొండకర్లలో వాళ్లింట్లో దింపాలి. ఏడో నెల. అత్తయ్య అప్పటికే చీర మార్చుకుని ముందు సీటుకి సిద్ధంగా ఉంది. నేను లోపలికెళ్లి మా ఆయన్ని నిద్ర లేపాను.

"ఏవండీ, కారుకి ఇన్సూరెన్స్ అయిపోయింది. మార్చిలోనే."

కళ్లు నులుముకుంటూ, "అదేటి? అది ఆటోమేటిగ్గా అయిపోద్ది కదా" అన్నాడు.

"ఎలగ?"

"ఎలగేటి. లోను వాయిదా బ్యాంకులో దానంతటదే కట్టయిపోతంది కదా, ఇదీ అందులోదే. ఇన్నేళ్లనుంచి రెన్యువల్ అవుతానే ఉంది, ఎప్పుడైనా ఆగిందా?"

ఆయన అబద్ధం చెప్పడం లేదు. నిజంగానే అలా అనుకున్నాడు. ఏటా మార్చిలో మధ్యాహ్నం బెల్లు కొట్టగానే హెడ్మాస్టరుని బతిమాలి, అన్నం క్యారేజీ విప్పకుండా బస్సెక్కి, ఏజెంటు బుల్లిబాబు కొట్లో స్టూలు మీద గంటసేపు కూర్చుని, చెక్కు రాసి, సంతకాలు పెట్టి, కాగితం తెచ్చి డాష్‌బోర్డులో పెట్టినది నేనని ఆయనకి తెలియదు. కాగితం అక్కడే పుట్టిందనుకున్నాడు. కోపం రావాల్సింది, ముందు నీరసం వచ్చింది.

బుల్లిబాబుకి ఫోన్ చేశాడు. స్పీకరు పెట్టాడు, నా పొరపాటేదో బయటపడుతుందని కాబోలు. అవతలినుంచి బుల్లిబాబు, "లేదండి, ఈ ఏడు మా దగ్గర అవలేదు. ఏటా మేడంగారే వచ్చీవోరు కదా. ఇంకో కంపెనీలో చేయించేరేమో అనుకున్నాను" అన్నాడు.

"మేడమా?"

"అదేనండీ, మీ ఇంట్లో మేడంగారు. ఇవాళ ఆదివారం, ఏటీ అవదు. బండి కదపకండి. పాలసీ ఆగిపోయింది కదా, రేపు పొద్దున్న మనిషిని ఇంటికే పంపుతాను, ఫొటోలు తీసుకుంటాడు. ఓనరు సంతకం కావాలి. మేడంగారిని ఉండమనండి."

ఫోన్ పెట్టేశాడు. తర్వాత ఆయన అన్నాడు, "మరి నువ్వు ముందే సెప్పాలి కదా."

"క్యాలెండరు మీరు మార్చేరు."

"నీ క్యాలెండరులో ఏం రాసుకుంటావో నాకేటి తెలుసు?"

గుమ్మంలో అత్తయ్య, "ఆపరేషనై ఆర్నెల్లవతంది. ఇంకా దాని మీదే తోసీడమేటి? కుర్సీలో కూకుని వచ్చే ఉద్యోగమే కదా, ఈపాటి గుర్తుండదేటి?" అంది. నలభై మంది పిల్లల మధ్య నాకు కుర్చీలో కూర్చునే వీలుంటే కదా. ఆ మాట ఎప్పుడూ అనలేదు, అప్పుడూ అనలేదు.

"సరేలే, ఇవాళ ఆదివారం, చెకింగ్ ఉండదు. ఎస్తేర్ని దింపేసి వచ్చేత్తాను. రేపు సూద్దాం" అని ఆయన తాళం కోసం మేకువైపు చెయ్యి చాపాడు. అక్కడ లేదు. నా గుప్పిట్లో ఉంది. ఆయనకి పోలీసు గుర్తొచ్చాడు. నాకు మోకాళ్ల మీద పడిన మనిషి గుర్తొస్తోంది. మా ఇద్దరికీ తేడా అంతే, దాని గురించి ఎంత చెప్పినా అయ్యేది కాదు.

"బండి కదలదండీ" అన్నాను.

"తాళం ఇయ్యి సుజీ."

"బండి నా పేరు మీదుంది. ఎవరైనా పడితే నా పేరు మీదే పడతారు. ఇవ్వను."

పద్నాలుగేళ్లలో ఆయన అడిగినది ఇవ్వననడం అదే మొదలు. తాళం ఉన్న చెయ్యి వెనక్కి పెట్టుకున్నాను. "మగోడు అడిగితే తాళం దాసీడమేటే, ఓలమ్మ" అని అత్తయ్య కుర్చీలో కూలబడింది. అందరికంటే ముందు కదిలింది ఎస్తేరు. పొట్టమీద చెయ్యి వేసుకుని లేచి, "అన్నయ్యా, ఆటో పిలు. వదిన సెప్పింది నిజమే. నా కడుపులో దానికి కూడా ఇన్సూరెన్స్ లేదు" అంది.

ముగ్గురూ ఆటోలో వెళ్లారు. అత్తయ్యకి ముందు సీటు లేకపోయింది.

నేను మళ్లీ చాప మీద కూర్చున్నాను గానీ కత్తెర ఆడలేదు. ఒక సంగతి తేల్చుకోవాలి. ఇకమీదట నేనేదీ గుర్తుంచుకోనని ఊరుకోవచ్చు. ఆ మాట ఎన్నోసార్లు నాలుక చివరిదాకా వచ్చింది. కానీ నేను మరిచిపోతే పడేది ఆయన కాదు. రోడ్డు పక్కన గంప నెత్తినెట్టుకుని నడిచే మనిషి. అత్తయ్య బిళ్లలు ఆగితే కింద పడేది అత్తయ్య. మా ఇంటి ఆడవాళ్లెవరికీ సమ్మె చేసే వీలు ఇందుకే దొరకలేదేమో. సమ్మె కుదరకపోతే ఇంకేదో కుదరాలి.

ఎండ తగ్గేసరికి ఆయన ఒక్కడే తిరిగొచ్చాడు. అత్తయ్య కూతురి దగ్గర ఉండిపోయిందట. చెప్పులు విప్పి, కాసేపు గుమ్మంలో నిలబడి, వచ్చి చాప అంచు మీద కూర్చున్నాడు.

"ఆటో ఆ మలుపు మీంచే వెళ్లింది" అన్నాడు. "ఆ రోజు చేపలామె పడిన కాడ. అప్పటికి ఇన్సూరెన్స్ లేదు కదా?"

"లేదు."

"ఉందని సెప్పేను ఆమెతో. నమ్మింది."

ఆయన మొహం చూస్తే జాలేసింది. జాలి పడ్డానని ఆగిపోతే మళ్లీ ఎప్పటికీ మొదలుపెట్టలేనని కూడా అనిపించింది.

"ఇలగ వాటంతటవే అయిపోతన్నాయని నేననుకునేవి ఇంకేటేటి ఉన్నాయి?" అన్నాడు.

పెళ్లయిన ఇన్నేళ్లకి ఆయన నన్ను అడిగిన మొదటి నిజమైన ప్రశ్న అది. లేచి గోడమీది కొత్త క్యాలెండరు తీసి ఆయన ఒళ్లో పెట్టాను. పెన్ను ఇచ్చాను. పాత కాగితాలు నా ముందు పరుచుకుని, "నేను చదువుతాను, మీరు ఎక్కించండి. అయిపోయిన నెలలు కూడా. వచ్చే ఏడాది మళ్లీ మీరే ఎక్కించాలి" అన్నాను. జనవరి కోసం తెలుగు వాచకం అట్ట, ఫిబ్రవరి కోసం లెక్కల అట్ట విప్పాల్సి వచ్చింది. షెకీనా మూతి ముడుచుకుంది.

ఆయన రాత పెద్దది, గడుల్లో పట్టదు. ఏప్రిల్‌కి చెయ్యి నొప్పన్నాడు. ఆగస్టుకి మాట్లాడ్డం మానేశాడు. డిసెంబరు ఇరవై ఎనిమిది దగ్గర నా చేతిలోంచి కాగితం తీసుకుని తనే చదివాడు. గ్యాసు బుక్. అత్తయ్య బిళ్లలు, రెండు నెలలకి. పిల్ల ఫీజు. ఆయన చొక్కాలు ఇస్త్రీకి.

"ఇది నీ ఆపరేషన్ రోజు కదా. ఆపరేషన్ అని రాయలేదేటి?"

"చోటు లేదు" అన్నాను.

కాగితం అటూ ఇటూ తిప్పాడు. తర్వాత మిగిలినవన్నీ ముందుకు లాక్కుని ఒక్కొక్కటే చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఏడాది మొత్తంలో నీదన్నది ఒక్కటీ లేదేటి సుజీ?"

"ఉంది. కొత్తదాంట్లో జూన్‌కి రండి. పదమూడు, బడి తెరిచే రోజు. అప్పటికి పాలసీ వచ్చేస్తుంది. రాయండి, కారు, సుజి, బుచ్చయ్యపేట."

ఆయన తలెత్తి నా వైపు చూశాడు, తర్వాత నా పక్కనున్న తాళం వైపు. లారీల మాట నోటిదాకా వచ్చి ఆగినట్టుంది. పెద్ద పెద్ద అక్షరాలతో, గడి దాటిపోతూ, రాశాడు.

"పద్నాలుక్కి?" అన్నాడు పెన్ను ఎత్తి.

"పదమూడున ఒక్కసారి రాస్తే చాలండీ" అన్నాను. "ఆ తర్వాత దానంతటదే రెన్యువల్ అయిపోద్ది."