అచ్చం ఇలాంటిదే ఇంకొకటి

మధ్యాహ్నం అంట్లు తోమి, తడి చెయ్యి కొంగుకి తుడుచుకుని, గ్లాసులో మిగిలిన టీ ఓ అట్టముక్క మీద ఒంపేది. బొమ్మలెయ్యడంలో ఆమె చదివిన చదువు అంతవరకే. మరక తన ఇష్టానికి పాకుతుంటే గోడకానుకుని చూస్తూ కూర్చునేది. రెప్పలు బరువెక్కి, నిద్రకీ మెలకువకీ మధ్య ఎక్కడో ఒక రెక్కో, మోకాలో, తలుపుల్లేని ఇల్లో కనబడేది. కళ్ళు పూర్తిగా తెరిచేలోపే చెయ్యి దాన్ని గీతల్లో పట్టేసుకునేది. ఏం వేసిందో వేశాక గాని ఆమెకూ తెలిసేది కాదు.

"మా కోడలు కునుకు తీస్తూ బొమ్మలేస్తుంది. కూరలో ఉప్పు మాత్రం మేలుకునుండే మర్చిపోతుంది," అనేది అత్తగారు, ఇంటికొచ్చిన ప్రతివాళ్ళతో. అందరూ నవ్వేవాళ్ళు. ఆమె కూడా నవ్వేది. నవ్వకపోతే దానికీ ఓ పేరు పెడతారు.

మొగుడికి అవన్నీ ఇన్నాళ్ళూ చెత్త. ఓ రోజు అతని మేనేజరు ఇంటికొచ్చి, నీళ్ళ మీద నడిచిపోతున్న ఆడమనిషి బొమ్మ చూసి, "అచ్చం ఇలాంటిదే ఇంకొకటుంటే మా గుమ్మానికి అటొకటి ఇటొకటి పెట్టుకుందునయ్యా," అన్నాడు. దాంతో చెత్త కాస్తా కళ అయి కూర్చుంది.

"దానిదేముంది సార్, ఆదివారానికల్లా వేసేస్తుంది!" అన్నాడు మొగుడు. ఆమెనొక్క మాట అడగలేదు. అడిగే అలవాటుంటే కదా.

మేనేజరు వెళ్ళాక, "అది మళ్ళీ రాదండీ," అంది.

"వేసింది నువ్వే కదా?"

"నేనే. ఎలా వచ్చిందో తెలీదు."

"వంట రోజూ వస్తోందిగా? ఇదీ అంతే. నా పరువు తియ్యకు."

టీ ఒంపింది. కళ్ళు మూసుకుంది. రెప్పల వెనక మేనేజరు, అతని గుమ్మం తప్ప ఏమీ రాలేదు. అట్టలు ఒకదాని తర్వాత ఒకటి పాడయ్యాయి. చివరికి మొగుడే ఉపాయం చెప్పాడు. పాత బొమ్మ మీద పలచటి కాగితం పరిచి, గీతలు దింపి, కొత్త అట్టకి ఎక్కించమన్నాడు. పక్కనే కుర్చీ వేసుకుని, "అటు కాదు, ఇటు," అని దగ్గరుండి దిద్దించాడు. మొదటిసారి కళ్ళు విప్పుకుని బొమ్మ వేసింది. కొత్త అట్ట మీద ఆ ఆడమనిషి నడవడం లేదు, నీళ్ళలో నిలబడిపోయింది.

మొగుడు రెండూ పక్కపక్కన పెట్టి చూశాడు. "కొత్తదే శుభ్రంగా ఉంది. మనసు పెడితే ఎందుకు రాదు?" అని ఆమె భుజం తట్టాడు.

ఆమె తన చేతి వంక చూసుకుంది. అదీ అతని మాట విన్నది. ఇన్నేళ్ళ కాపురంలో ఆమెలో అప్పటిదాకా వినకుండా మిగిలింది అదొక్కటే.